రెండో లాటులో ఉప్పు

రంగుల మిల్లులో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆమె తాళాలమ్మ. ల్యాబు తలుపుకో తాళం, బీరువాకో తాళం, నమూనా గుడ్డముక్కల పెట్టెకో తాళం, ఆఖరికి టిఫిను డబ్బా పెట్టుకునే సొరుగుకి కూడా ఓ చిట్టి తాళం. ఆ గుత్తి నడుముకి వేలాడుతుంటే మనిషి మలుపు తిరక్కముందే చప్పుడు వచ్చేసేది. మిషన్ల దగ్గర కబుర్లాడుకునేవాళ్ళకి అది మహా సౌకర్యంగా ఉండేది. చప్పుడు వినగానే ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు. తను అడుగుపెట్టగానే అందరూ మాట ఆపేస్తారని, తన వెనక ఏదో నడుస్తోందని ఆమెకి గట్టి నమ్మకం. దానికి కారణం తన తాళాలేనని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు.

ఇది పుట్టుకతో వచ్చిన గుణమేం కాదు. అయిదుగురు పిల్లలున్న రెండు గదుల ఇంట్లో ఆమె మూడోది. ఆ ఇంట్లో "నాది" అన్న మాటకి విలువ లేదు. ఆమె పెన్సిలు అన్న జేబులో తేలేది, ఆమె రిబ్బను చెల్లెలి జడలో ఊగేది. అడిగితే "నీదని రాసుందా?" అనేవాళ్ళు. సరే, రాసే ఉంచుదామని పదో ఏట పెన్సిళ్ళ మీద బ్లేడుతో గీతలు పెట్టడం మొదలెట్టింది. పెళ్ళయ్యాక ఆ విద్య పంచదార డబ్బా దాకా పాకింది. చెంచాతో పైన చిన్న గీత గీసి మూత పెట్టేది, ఎవరైనా తీస్తే తెలియాలని. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నవ్వులాటల మనిషి. ఒకసారి ఆ గీత చూసి, ఊరుకోక దాని పక్కన ఇంకో గీత గీసిపెట్టాడు. వారం రోజుల పాటు ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేకుండా పోయింది.

ఇంతటి మనిషి లోకంలో అనుమానించనిది ఒక్కరినే. ఆయన బావగారు, భర్తకి అన్న. ఆ మిల్లులోనే తూకం గదిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. వీళ్ళు కింది వాటాలో ఉంటే ఆయనా ఆయన భార్యా పై వాటాలో ఉండేవారు. ఆ తోడికోడల్ని తాళాలమ్మ అక్కా అనే పిలిచేది. పద్దెనిమిదేళ్ళ కిందట "మా మరదలు లెక్కల్లో గట్టిది" అని పై వాళ్ళకి చెప్పి ఆమెని మిల్లులో చేర్పించింది బావగారే. తడి బట్ట చూసి అది ఆరాక ఏ షేడులో తేలుతుందో చెప్పగల కళ్ళు ఆయనవి. పని నేర్పింది కూడా ఆయనే. రంగేమో బట్ట బరువును బట్టి, ఉప్పేమో నీళ్ళను బట్టి, ఈ రెండూ కలగాపులగం చేశావంటే లాటు పోయినట్టేనమ్మా అని మొదటి రోజే చెప్పాడు.

ఆ ఉప్పు సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఒక విడతలో తొట్టిలో పడే బట్టంతా ఒక లాటు. బట్టకి రంగు పట్టాలంటే తొట్టిలో ఎన్ని లీటర్ల నీళ్ళున్నాయో అన్నింటికి తగ్గ ఉప్పు పడాలి. ఎక్కువైతే షేడు ముదురుతుంది, తక్కువైతే వెలవెలబోతుంది. వెనకటికి ఈ లెక్కలన్నీ కాగితం మీదే వేసేవారు. ఆరేళ్ళ కిందట ల్యాబుకి కంప్యూటరొచ్చాక తాళాలమ్మ భోజనాల వేళ ఒక్కో పాఠమే చదువుకుంటూ, కంప్యూటరు చేత లెక్కలు చేయించే స్క్రిప్టు రాయడం నేర్చుకుంది. ఎవరినీ ఏదీ అడగలేదు. అడిగితే కావాలని తప్పు చెప్తారేమోనని ఆమె భయం.

ఆమె రాసింది పెద్ద గ్రంథమేం కాదు. పైన ఒక వేరియబుల్, అంకె దాచుకునే పేరు: నీళ్ళు అంటే ఎనిమిది, అంటే కిలో బట్టకి ఎనిమిది లీటర్లు. దాని కింద "తూకం" అని ఒక ఫంక్షన్. లాటు బరువెంతో చెప్తే, నీళ్ళెన్నో పైన చూసుకుని, ఎంత ఉప్పు వెయ్యాలో చీటీ మీద అచ్చుకొట్టి ఇస్తుంది. తెర మీద ఒక పచ్చ బటను పెట్టి, తూకం ఫంక్షన్‌ని దానికి తగిలించింది. పొద్దున కంప్యూటరు పెట్టగానే ఫైలంతా మొదటి నుంచీ చదువుకుని సిద్ధంగా కూర్చుంటుంది. సాయంత్రం ఆపేస్తే అన్నీ మర్చిపోతుంది. ఆరేళ్ళుగా ఒక్క చీటీ తప్పు రాలేదు. మొన్నామధ్య, ఉతికేటప్పుడు నీళ్ళెన్ని పట్టాలో కూడా చీటీ వస్తే బాగుంటుందని బావగారు అంటే, "ఉతుకు" అని రెండో ఫంక్షన్ కూడా రాసి, దానికో నీలం బటను పెట్టింది. ఆయన సంబరపడి ల్యాబంతా వినపడేలా మెచ్చుకున్నాడు.

మిల్లులో రోజుకి రెండు లాట్లు. పొద్దున మొదటి లాటుకి తాళాలమ్మే పచ్చ బటను నొక్కి చీటీ చేతికిచ్చేది. పదకొండింటికి ఆ లాటు ఉతుకుకి వస్తే నీలం బటను నొక్కేదీ ఆమే. రెండో లాటు సరిగ్గా భోజనాల వేళకి పడేది. ఆమె క్యాంటీనుకి వెళ్తే, బావగారు తనే ల్యాబులోకొచ్చి పచ్చ బటను నొక్కి చీటీ తీసుకునేవాడు. ల్యాబు తాళం చెవి ఆమె ఇంకొకరికిచ్చిందంటే ఆయనకే. తూకం అయ్యేసరికి ఆ చీటీ తడిచేతుల్లో నలిగి ముద్దయిపోయేది. ఎంత తూచిందీ తూకం పుస్తకంలో రాసేవారు కాబట్టి చీటీని ఎవరూ దాచేవారు కాదు.

ఇలా సాఫీగా సాగుతుండగా రెండో లాటు తేడా రావడం మొదలైంది. మొదటి లాటు నమూనాకి అచ్చుగుద్దినట్టుండేది. రెండోది ఒక పిసరు ముదురు. ఒకసారంటే పోన్లే అనుకుంటారు. వరసగా ఆరు రోజులూ అదే అయ్యేసరికి బట్ట కొనేవాళ్ళు లాట్లు వెనక్కి పంపారు. మేనేజరు ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. అందుకే ఆయన ల్యాబు గుమ్మంలో నిలబడి, రెండు వారాల్లో ఇది చక్కబడకపోతే ల్యాబో తూకమో, రెండింటిలో ఒకరు ఇంటికెళ్ళాల్సి వస్తుందని మెల్లగా చెప్పేసరికి తాళాలమ్మ చేతిలో గుడ్డముక్క కింద పెట్టేసింది. ల్యాబంటే తను. తూకమంటే బావగారు.

ఆ సాయంత్రమే తూకం పుస్తకం తెప్పించుకుని చూసింది. రెండువందల కిలోల బట్టకి తొంభై కిలోల ఉప్పు. ఎనభై ఉండాల్సింది. మర్నాడు పొద్దున కంప్యూటరు పెట్టగానే అదే బరువిచ్చి చూసుకుంటే ఎనభై అనే చెప్పింది. ఆ తర్వాతి రోజు పొద్దునా ఎనభయ్యే. తన లెక్క నిక్కచ్చిగా ఉందని గుండె కుదుటపడింది. కుదుటపడిన మరుక్షణం, అయితే తప్పు చేతిదన్నమాట అన్న ఆలోచన వచ్చింది. ఆ చెయ్యి ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఏమీ ఎరగనట్టు బావగారిని కదిపి చూసింది. చీటీలో ఎంతుంటే అంతే వేశానమ్మా అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా. అంత తొణక్కుండా చెప్పడమేంటని అదే ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? అది పట్టిందంటే పాత గోడల్లోంచి కూడా ఇటుకలు పీకి చూపిస్తుంది. కంప్యూటరొచ్చిన రోజున ఆయన నవ్వి, "ఇంక మా చేతులతో పనేముందిలే" అనలేదూ? ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని ఒక బటను కింద పెట్టేస్తే ఏ మనిషికి మండదు? కంప్యూటరు లెక్క తప్పని నలుగురిలో తేలితే మళ్ళీ పెత్తనం ఎవరికొస్తుంది? ఉతుకు చీటీ కావాలని అడిగింది, అంతలా మెచ్చుకుంది, అదంతా తనని మాటల్లో పెట్టడానికేనేమో. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు పట్టలేకపోతే పోయె, నేను పడతాననుకుంది.

వల కూడా కంప్యూటర్లోనే పన్నింది. తూకం ఫంక్షన్‌ని మళ్ళీ కొత్తగా రాసింది. పేరు అదే, లెక్క అదే, కాకపోతే ఎవరు చీటీ తీసినా ఏ టైముకి తీశారో, ఎంత ఉప్పు వచ్చిందో ఒక దొంగ ఫైల్లో రాసిపెడుతుంది. దీన్ని మామూలు ఫైల్లో కలిపితే ఎవరి కంటైనా పడుతుందని, రోజూ పొద్దున మొదటి లాటు చీటీ తీశాక, నడుస్తున్న ప్రోగ్రాముకి ఆదేశాలిచ్చే కిటికీలోనే చకచకా టైపు చేసేది. ఒక పేరుతో ఉన్న ఫంక్షన్‌ని అదే పేరుతో మళ్ళీ రాస్తే కొత్తది పాతదాని చోటులో కూర్చుంటుందని ఆమెకి పాఠాల్లో చదివిన గుర్తు. పని చేస్తోందో లేదోనని కిటికీలో తూకం అని టైపు చేసి, రెండువందలని ఇచ్చి చూసింది. దొంగ ఫైల్లో ముత్యంలా ఒక వరస పడింది. దాన్ని చెరిపేసి, తాళాల గుత్తి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా క్యాంటీనుకి వెళ్ళింది.

తిరిగొచ్చి చూస్తే ఫైలు ఖాళీ. తూకం పుస్తకంలో తొంభై కిలోలు.

ఒకటికి రెండుసార్లు చూసింది. మర్నాడూ ఖాళీయే. వారం తిరిగినా ఒక్క వరస లేదు. పుస్తకంలో మాత్రం ఒకరోజు తొంభై, ఒకరోజు నూట ఎనిమిది, ప్రతి రోజూ ఉండాల్సినదానికంటే ఎక్కువే. ఇంకేం కావాలి? మనిషి పచ్చ బటను ముట్టుకోవడమే లేదు. చీటీ తీయకుండానే తనకి తోచినంత ఉప్పు గుప్పించి, అడిగితే చీటీలో ఉన్నంతే వేశానని మొహం మీదే అబద్ధమాడుతున్నాడు. వలలో చేప పడలేదంటే వల చినిగిందేమోనని మామూలు మనుషులు చూసుకుంటారు. చేప ఎంత గడుసుదో అని తాళాలమ్మ ఆశ్చర్యపోయింది.

ఇంటికెళ్ళి భర్తతో చెప్పింది. అతను మొదట నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేశాడు. "మా అన్నయ్య తప్పు చేస్తే చేశానంటాడే. అబద్ధం చెప్పాల్సిన ఖర్మ ఆయనకేంటి? ఒక్క మాట ఆయన్నే అడగరాదూ?" అన్నాడు. అడిగితే జాగ్రత్తపడతాడని ఆమె వాదన. సొంత తమ్ముడు వెనకేసుకు రాక ఏం చేస్తాడని లోపల గొణుక్కుంది. అడగలేదు. శుక్రవారం పొద్దున దొంగ ఫైలునీ తూకం పుస్తకాన్నీ మేనేజరు బల్ల మీద పెట్టింది. లాట్లు తప్పడానికి కారణం ల్యాబు కాదని చెప్పుకోకపోతే పోయేది తన ఉద్యోగమే కదా అని మెట్లెక్కుతున్నంతసేపూ తనకి తనే నచ్చజెప్పుకుంది.

మేనేజరు బావగారిని పిలిపించాడు. రెండో లాటుకి చీటీ తీస్తున్నావా అని అడిగితే రోజూ తీస్తున్నానన్నాడు. కంప్యూటర్లో అలా లేదని మేనేజరు చెప్పాడు. బావగారు ఆయన వైపు చూడలేదు, మరదలి వైపు తిరిగాడు.

"కంప్యూటర్లో లేదా అమ్మా?"

"లేదు బావగారూ."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా లేదు."

ఆయన చేతులు రెండూ ఎత్తి, ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు. సోమవారం దాకా ఇంటి దగ్గరుండమని మేనేజరు అంటే సరేనని వెళ్ళిపోయాడు. చూశారా, దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదని తాళాలమ్మ అనుకుంది. అనుకుంది గానీ, మధ్యాహ్నం డబ్బా తెరిచి, తినకుండానే మళ్ళీ మూత పెట్టేసింది.

ఆ రెండు రోజులూ పై వాటాలో అలికిడి లేదు. ఆదివారం అక్క బట్టలారేయడానికి కిందికి రాలేదు. మొహం చెల్లక అనుకుంది తాళాలమ్మ. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కిస్తూ, ఇలా వింటున్నానని వాళ్ళకి తెలిసిపోతుందేమోనని రేడియో పెట్టేది. భర్త రెండుసార్లు పైకి వెళ్ళొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏమీ లేదని వార్తాపత్రిక అడ్డం పెట్టుకున్నాడు. అందరూ ఏకమయ్యారని తేల్చుకుంది.

సోమవారం తూకం గదికి ప్యాకింగులోంచి ఒకామెని వేశారు. బక్కపల్చటి మనిషి, భయస్తురాలు. పచ్చ బటను ఎలా నొక్కాలో తాళాలమ్మే నేర్పి, భోజనాల వేళకి ల్యాబు తలుపు తీసిపెట్టింది. ఇంక తేడా రాదులే అని క్యాంటీనులో నిమ్మళంగా కూర్చుంది. సాయంత్రం రెండో లాటు బయటికి తీస్తే మళ్ళీ ఒక పిసరు ముదురు. పుస్తకంలో తొంభై కిలోలు. దొంగ ఫైలు ఖాళీ.

ఇంకొకరైతే ఇక్కడ ఆగి, కాస్త ఆలోచిస్తారు. తాళాలమ్మ ఆగలేదు. పోతూ పోతూ బావగారు ఈవిడకి కూడా నూరిపోసి వెళ్ళాడన్నమాట అనుకుంది. ఇద్దరికీ బంధుత్వమేమైనా ఉందేమోనని మంగళవారం పొద్దున ప్యాకింగులో వాకబు కూడా చేసింది. భోజనాల తర్వాత తూకం గదికి వెళ్ళి, చీటీ తీయకుండా ఇంతేసి ఉప్పు ఎవరు వెయ్యమన్నారని ఆ మనిషిని నిలదీసింది. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తీసింది.

"పెద్దాయన్ని పంపేశారని విన్నాక భయమేసిందండీ. నిన్నటిదీ ఇవాళ్టిదీ తడవకుండా దాచుకున్నాను" అంది.

రెండు చీటీలు. నిన్నటి తేదీ, పన్నెండూ నలభై, ఉప్పు తొంభై కిలోలు. ఇవాళ్టి తేదీ, పన్నెండూ ముప్ఫై అయిదు, ఉప్పు తొంభై కిలోలు. తన ప్రింటరు అక్షరాలే, తన చీటీయే. బటను నొక్కారు, చీటీ వచ్చింది, వల మాత్రం ఖాళీ. తాళాలమ్మ ఆ కాగితాలు పట్టుకుని ల్యాబుకి వచ్చి కూర్చుంది.

తనే పచ్చ బటను నొక్కింది. తొంభై అని చీటీ వచ్చింది. దొంగ ఫైలు ఖాళీగానే ఉంది. కిటికీలో తూకం అని టైపు చేసింది. మళ్ళీ తొంభయ్యే, కానీ ఈసారి ఫైల్లో వరస పడింది. ఒకే పేరు. చేత్తో టైపు చేసి పిలిస్తే ఒకటి పలుకుతోంది, బటను నొక్కితే ఇంకొకటి పలుకుతోంది. ఆరేళ్ళ కిందటి పాఠాలు తిరగేసింది. పొద్దున ఫైలు చదువుకునేటప్పుడు బటను పట్టుకున్నది తూకం అన్న పేరుని కాదు, అప్పుడు ఆ పేరుతో ఉన్న ఫంక్షన్‌నే. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు కొత్తది రాసినా, పేరు కొత్తదానికి వెళ్ళింది గానీ బటను పాతదాన్ని వదల్లేదు. అంటే బావగారు నొక్కిన ప్రతి నొక్కూ పాతదానికే చేరింది. ఆయన రోజూ చీటీ తీసుకున్నాడు. వలని ఆయన పక్కన కాదు, ఎక్కడో పెరట్లో పరిచింది తను.

సరే, మరి తొంభై ఎందుకొచ్చింది? పొద్దున ఎనభై చెప్పిన కంప్యూటరు మధ్యాహ్నానికి మాట మార్చడమేంటి? నీళ్ళెన్నని అడిగి చూసింది. తొమ్మిది అంది. ఎనిమిది కదా నేను పెట్టింది, ఎవరు ముట్టుకున్నారని అప్పుడు కూడా ఆమె చూపు తలుపు వైపే పోయింది. తర్వాత ఫైలు తెరిచి, నీళ్ళు అన్న మాట ఎక్కడెక్కడ ఉందో పై నుంచి కిందికి వెతుక్కుంటూ వచ్చింది. దొరికింది. ఉతుకు ఫంక్షన్‌లో, మొదటి వరసలోనే. ఉతకడానికి కిలోకి తొమ్మిది లీటర్లు పడతాయి కాబట్టి నీళ్ళు అంటే తొమ్మిది అని రాసింది. ఈ నీళ్ళు ఈ ఫంక్షన్ లోపలివే, బయటి నీళ్ళతో దీనికి సంబంధం లేదని చెప్పడానికి లోకల్ అని ఒక చిన్న మాట ముందు చేర్చాలి. చేర్చలేదు. అందుకని పదకొండింటికి నీలం బటను నొక్కినప్పుడల్లా పైనున్న ఎనిమిది పోయి తొమ్మిదయ్యేది. ఆ తర్వాత వచ్చే రెండో లాటుకి తూకం ఫంక్షన్ అమాయకంగా ఆ తొమ్మిదే తీసుకునేది. మర్నాడు పొద్దున మళ్ళీ ఎనిమిది. నీలం బటను రోజూ నొక్కింది ఎవరు? తనే. చంకలో పిల్లనెత్తుకుని ఊరంతా వెతికిందన్నా తక్కువే, ఊళ్ళో ఒకరి మీద పిల్లనెత్తుకుపోయారని నేరం కూడా మోపింది.

మేనేజరు గదికి వెళ్ళి దాచకుండా అంతా చెప్పింది. తప్పు నాది, పంపితే నన్ను పంపండి, ఆయన్ని పిలిపించండి అంది. మేనేజరు సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ముందుకి జరిపాడు. ఆదివారం బావగారు స్వయంగా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళాడట. యజమానికి ఇంకా పంపలేదన్నాడు.

ఉత్తరం నాలుగు వాక్యాలే. రోజూ చీటీ తీసుకుంటున్నానని నాకు గట్టిగా గుర్తుంది, కానీ తీసుకోలేదని కంప్యూటర్లో ఉందట. ల్యాబు లెక్క తప్పదు కాబట్టి నా జ్ఞాపకమే తప్పుతోందని అర్థమైంది. మా నాన్నకి కూడా ఈ వయసులోనే మొదలైంది. నా వల్ల ఇంకే లాటూ పాడవకముందే పని మానుకుంటున్నాను.

తాళాలమ్మకి మామగారు గుర్తొచ్చాడు. చివరి నాలుగేళ్ళు కన్నకొడుకుల్ని చూసి మీరెవరు బాబూ అని అడిగినవాడు. ఆయనకి అన్నం పెట్టిన చేతుల్లో ఆమెవీ ఉన్నాయి. ఆ ఉత్తరం అక్కడే వదిలేసి, మిల్లు గేటు దాటి, బస్సు కోసం కూడా ఆగకుండా నడిచి ఇంటికి వెళ్ళింది.

పై వాటా తలుపు అక్క తీసింది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. "చూడు, నువ్వే చూడు" అని పక్కకి జరిగింది. బావగారు కిటికీ దగ్గర కుర్చీలో ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. గెడ్డం మాసింది. పుస్తకంలో ఆయన రాత: కుళాయి కట్టేశాను, ఏడు పది. మందు వేసుకున్నాను, ఎనిమిది. తమ్ముడు వచ్చాడు, మాట్లాడి వెళ్ళాడు, తొమ్మిదింపావు. పేజీలకి పేజీలు. రాసినదాన్ని గంట తర్వాత భార్యని అడిగి, నిజమేనా అని సరిచూసుకుంటున్నాడట. నాలుగు రోజులుగా ఇదే పని అని అక్క గోడ వైపు తిరిగి చెప్పింది.

తాళాలమ్మ నేల మీద కూలబడింది. బటను సంగతి, నీళ్ళ సంగతి, ఎనిమిది తొమ్మిదైన సంగతి, వల పన్నిన సంగతి కూడా ఏడుస్తూనే చెప్పింది. ఆయనకి ఎంత అర్థమైందో ఏమో. వినడం పూర్తయ్యాక ఒక్కటే అడిగాడు.

"అయితే చీటీ తీసుకున్నానన్నమాటేనా?"

"తీసుకున్నారు బావగారూ."

"రోజూ?"

"రోజూ తీసుకున్నారు. నేనే..."

"ఉప్పు చేతికి బరువుగా తోచింది" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "ఎక్కువేమో అనుకున్నాను. నువ్వు వేసిన లెక్క కదా అని ఊరుకున్నాను. ఆ రోజు నువ్వు లేదంటే లేదనే అనుకున్నానమ్మా. నిన్ను అనుమానించాలని తోచలేదు."

తిట్టినా బాగుండేది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తాళాలమ్మ ఆయన కాళ్ళ దగ్గరే, సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.

మేనేజరు ఉత్తరం వెనక్కిచ్చేశాడు. జరిగిందంతా తాళాలమ్మ చేతే రాయించి ఫైల్లో పెట్టుకున్నాడు, ఉద్యోగం మాత్రం తీయలేదు. ఆమె ఉతుకు ఫంక్షన్‌లో ఆ చిన్న మాట చేర్చింది, దొంగ ఫైలు చెరిపేసింది. గురువారం బావగారు గెడ్డం గీసుకుని, ఎప్పటిలా తూకం గదికి వచ్చాడు. అందరూ చుట్టూ చేరి పలకరించారు. ఆయనా నవ్వుతూనే మాట్లాడాడు.

మధ్యాహ్నం తాళాలమ్మ క్యాంటీనులో డబ్బా తెరుస్తుంటే ఆయన తలుపు దగ్గర కనిపించాడు. బల్లల మధ్యలోంచి నేరుగా ఆమె దగ్గరికొచ్చి, చీటీ ముందు పెట్టి, జేబులోంచి పెన్ను తీసి దాని పక్కన పెట్టాడు.

"పచ్చ బటను నొక్కాను, చీటీ తీసుకున్నాను. చూశానని సంతకం పెట్టమ్మా" అన్నాడు.

గొంతులో కోపం లేదు. క్యాంటీను మొత్తం చూస్తోంది. ఇంక దీని అవసరం లేదు బావగారూ అని ఆమె అనబోయింది. ఆయన పెన్ను ఇంకాస్త ఆమె వైపు జరిపాడు. ఆమె సంతకం పెట్టింది. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఉప్పు తూచడానికి వెళ్ళాడు. రిటైరవడానికి ఆయనకి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలల్లో ఆయన పనికొచ్చి, ఆమె సంతకం లేకుండా రెండో లాటుకి ఉప్పు తూచిన రోజు ఒక్కటి కూడా లేదు.